మమతారాణి ఇయ్యాల వస్తదా?

ఆ ఆదివారం పొద్దున రాయమల్లు వేసుకున్న పథకం చాలా చిన్నది. సంఘం ఆఫీసులో మీటింగ్ ఉందని భార్యకు చెప్పి ఇంట్లోంచి బయటపడాలి. కొత్త బస్టాండు దగ్గరున్న ఫంక్షన్ హాలుకు పోవాలి. అక్కడ మమతారాణి గుండెల మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా వత్తాలి, నోట్లోకి ఊపిరి ఊదాలి, సాయంత్రానికి ఇల్లు చేరాలి. ఇందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. మమతారాణి రబ్బరు బొమ్మ.

ఉన్నట్టుండి గుండె ఆగిపోయిన మనిషిని అంబులెన్సు వచ్చేలోపు ఎలా కాపాడుకోవాలో, రక్తం కారితే ఏం చెయ్యాలో, సోయి తప్పి పడిపోతే ఏం చెయ్యాలో నేర్పే శిక్షణ సిరిసిల్లలో రెండు రోజులు పెట్టారు. శనివారం మాటలు, ఆదివారం చేతలు. కరీంనగర్ నుంచి వచ్చిన శిక్షకుడి పేరు కరుణాకర్. బొమ్మకు నడుము దాకే ఒళ్ళుంటుంది కాబట్టి దానికి తన భార్య పాత చీర చుట్టి, నెత్తికి విగ్గు తగిలించి, మమతారాణి అని పేరు కూడా అతనే పెట్టాడు. పేరు లేని బొమ్మను భుజం తట్టి పిలవమంటే జనం సిగ్గుతో నవ్వుతారు తప్ప పిలవరని అతని అనుభవం.

రాయమల్లు ఈ సంగతి ఇంట్లో ఎందుకు దాచాడంటే, అందుకు కారణం భార్య ఐలవ్వ గుండె. నెల కింద కూరగాయల మార్కెట్లో ఆమె నిలబడ్డ చోటే కుప్పకూలింది. డాక్టరు పరీక్షలన్నీ చేసి, గుండె కొట్టుకునే తీరులో కొంచెం తేడా ఉందని, గోళీలు వేసుకుంటే భయపడాల్సిన పని లేదని చెప్పాడు. ఐలవ్వ నమ్మలేదు. తనను బయట కూర్చోబెట్టి డాక్టరు లోపల తన మొగుడితో ఏదో వేరే మాట్లాడాడని ఆమె అనుమానం. ఏమన్నాడని ఎన్నిసార్లు అడిగినా రాయమల్లు ‘ఏమనలే’ అని మొహం తిప్పుకునేవాడు. ఇప్పుడు గుండె వత్తడం నేర్చుకోవడానికి పోతున్నానని చెబితే ఆమె అనుమానానికి అతనే ముద్ర వేసినట్టవుతుంది. కాబట్టి శనివారం పనికి పోతున్నట్టే పోయి వచ్చాడు; ఆదివారం కూడా రహస్యంగా పోయి రావడమే మంచిదనుకున్నాడు.

చిక్కల్లా, రాయమల్లు రహస్యాలకు పనికొచ్చే మనిషి కాదు. మీసాలు రాకముందు నుంచీ అతను సాంచెల మీద పని చేస్తున్నాడు. ఆ మరమగ్గాల చప్పుడులో పక్కవాడితో మాట్లాడాలంటే అరవాల్సిందే. అరిచి అరిచి అతని గొంతు ఆ ఎత్తులోనే నిలిచిపోయింది. చెవులు సగానికి తగ్గాయి. గుసగుసలాడుతున్నానని అతను అనుకునే మాట మూడో ఇంటికి స్పష్టంగా వినిపిస్తుంది. అలాంటివాడు ఆ పొద్దున పెరట్లో నీళ్ళ ట్యాంకు వెనక నక్కి కరుణాకర్‌కు ఫోన్ చేశాడు.

"సార్, నేను రాయమల్లును. మమతారాణి ఇయ్యాల వస్తదా?"

వంటింట్లో గంజు గిన్నెకు సర్వపిండి రొట్టె వత్తుతున్న ఐలవ్వ చెయ్యి ఆగిపోయింది.

"నిన్న దూరం నుంచి చూసుడే ఆయె. ఇయ్యాల నాకు మొదలు చాన్స్ ఇయ్యాలె సార్... ఏందీ, నోరా? నోరు సాఫ్‌గనే ఉంది. పేరు రాసుకున్ననాడు మీరు చెప్పిన కాడికెల్లి తంబాకు ముట్టలే... ఆఁ, దుప్పటి, మెత్త తెస్తున్న... లే లే, మా ఆమెకు తెల్వది. తెలిస్తె ఆమె గుండె ఆగుతది!"

ఐలవ్వ పొయ్యి దగ్గర కూలబడింది. ఆమెను ఎక్కువగా కుదిపింది తంబాకు మాట. అది మానమని ఆమె కాపురానికి వచ్చిన కొత్తల నుంచి మొత్తుకుంటోంది. ఒట్లు పెట్టించింది, అలిగింది, ఒకసారి డబ్బీని మురుగు మోరీలో పారేసింది. రాయమల్లు ఆ డబ్బీని కడుక్కుని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. వారం నుంచి ఆ డబ్బీ కనబడకపోతే తన మీద జాలితో మానేశాడేమో అనుకుని, దేవుడి ముందు ఒక కొబ్బరికాయ కూడా కొట్టింది. ఇప్పుడు తెలిసింది, ఆ కొబ్బరికాయ మమతారాణి పేరు మీద కొట్టాల్సిందని.

అయినా ఉన్నపళాన ఒక నిర్ణయానికి రాలేదు. మొగుడు లోపలికి రాగానే, "సర్వపిండి అయింది. తిని పో" అంది.

"ఎల్లిగడ్డ ఏసినవా?"

"ఎల్లిగడ్డ లేని సర్వపిండి ఏందయ్యా?"

"అయితే నాకొద్దు. ఆకలి లేదు."

సర్వపిండి కోసం పండుగ నాడు బూరెలు కూడా వదులుకునే మనిషి అలా అని, తెల్లచొక్కా తొడుక్కుని, రెండు యాలక్కాయలు నోట్లో వేసుకుని, సంచిలో దుప్పటీ, తల కింద పెట్టుకునే మెత్తా కుక్కుకుని వెళ్ళిపోయాడు. తన తర్వాత అదే బొమ్మకు ఊపిరి ఊదేవాళ్ళకు వెల్లుల్లి వాసన రాకూడదన్నది అతని మర్యాద. ఐలవ్వకు కనబడింది మర్యాద కాదు.

పక్కింటి జమున ఐలవ్వతో కలిసి బీడీలు చుడుతుంది. ఆమె మొగుడు గంగయ్య దుబాయిలో పని చేస్తాడు. ఐలవ్వ కండ్లు తుడుచుకుంటూ విన్నదంతా చెప్పేసరికి జమున చేటను పక్కకు నెట్టి ఫోన్ తీసింది.

"సంఘం ఆఫీసుల మీటింగ్ అన్నడా? ఆగక్కా, ఇప్పుడే తేలుస్త."

కులసంఘం పెద్దమనిషి భూమన్నకు ఫోన్ పోయింది. "మీటింగ్ ఎక్కడిదే?" అన్నాడు భూమన్న. "ఆఫీసుకు తాళం ఉంది. చావి నా జేబులనే ఉంది. ఏమాయె, రాయమల్లు ఏమన్న చేసిండా?"

తర్వాత గల్లీ చివరి ఆటో హనుమండ్లుకు ఫోన్ పోయింది. "ఫంక్షన్ హాల్ కాడ దింపిన గద" అన్నాడతను. "దుప్పటి, మెత్త సంచిల పెట్టుకున్నడు. మనిషి మస్తు ఖుషీగ ఉన్నడు. ఆటో నిండ యాలక్కాయల వాసన."

సరిగ్గా అప్పుడే దుబాయి నుంచి గంగయ్య వీడియో కాల్ వచ్చింది. జమున జరిగింది జరిగినట్టే చెప్పింది గాని, సిగ్నల్ సరిగా లేక మాటలు ముక్కలు ముక్కలుగా పోయాయి. గంగయ్యకు అందినవి ‘రాయమల్లు బావ’, ‘ఫంక్షన్ హాల్’, ‘మమతారాణి’ అన్న మూడు ముక్కలు. ఈ మూడింటినీ ఎటు తిప్పి పెట్టినా అతనికి ఒకటే అర్థం వచ్చింది. వెంటనే దుబాయి నుంచి భూమన్నకు ఫోన్ చేశాడు. "పెద్దనాయినా, సిరిసిల్లల ఉండి మీరేం చేస్తున్నరే? రాయమల్లు బావ రెండో పెండ్లి చేసుకుంటుండు!"

అవతల రాయమల్లు పెండ్లి సముద్రం దాటి తిరిగొస్తుంటే, ఇవతల ఐలవ్వ హనుమండ్లు ఆటో ఎక్కింది. ఎక్కే ముందు జమున బలవంతంగా ఆమె నోట్లో గోళీ వేసి నీళ్ళు తాగించింది. "ఏస్కో అక్కా. కొట్లాడాలన్నా పాణం ఉండాలె గద."

దారిలో ఐలవ్వ తిట్టలేదు, శపించలేదు. అందుకే జమునకు భయం వేసింది. బస్టాండు మలుపు దగ్గర మాత్రం ఐలవ్వ ఒక్క మాట అంది. "నాకు పాణం బాగలేదని తెలిసి నెల గూడ ఆగలేకపోయిండు, జమునా."

ఫంక్షన్ హాలు మెట్ల దగ్గరే రాయమల్లు గొంతు వినిపించింది. బజారుకు అవతలున్న చాయ్ హోటల్ వాళ్ళకు కూడా వినిపిస్తోంది.

"మమతారాణీ! ఓ మమతారాణీ! ఏమైందే నీకు? కండ్లు తెరువు! నేనున్న, ఫికర్ చెయ్యకు!"

తలుపు దగ్గర నుంచి ఐలవ్వకు కనబడింది ఇది. నేల మీద తమ ఇంటి దుప్పటి. దుప్పటి మీద గులాబీ రంగు చీర. చీర మీదికి వంగిన తెల్లచొక్కా వీపు. చుట్టూ మనుషులు కూర్చుని సిగ్గు లేకుండా చూస్తున్నారు. ఒకతను పక్కన నిలబడి, "శభాష్ రాయమల్లన్నా, ఇప్పుడు నోరు తెరిచి ఊదుండ్రి" అని దగ్గరుండి చెబుతున్నాడు.

"ఎవ్వతివే నువ్వు!" అంటూ ఐలవ్వ మనుషులను తోసుకుంటూ పోయి, చీర కుచ్చిళ్ళు పట్టి ఒక్క గుంజు గుంజింది. బరువున్న మనిషిని లేపడానికి గుంజిన గుంజుడు అది. మమతారాణి గాల్లోకి లేచి ఆమె చేతుల్లోకి వచ్చి పడింది. విగ్గు జారి జమున కాళ్ళ దగ్గర పడింది. ఐలవ్వ చేతుల్లో ఉన్నదాన్ని పైనుంచి కిందికి చూసింది. కింద ఏమీ లేదు.

"ఓ అవ్వో! దీనికి కాళ్ళు లేవు!"

ఆమె కేకకు జవాబుగా వెనక తలుపులు దభాలున తెరుచుకున్నాయి. భూమన్న, అతని వెంట సంఘం మనుషులు. ముందు నడుస్తున్న భూమన్న చెయ్యెత్తి, "ఆపుండ్రి! గీ పెండ్లి జరుగది!" అన్నాడు.

మోకాళ్ళ మీదున్న రాయమల్లు భార్యను, భార్య చేతిలోని బొమ్మను, వాకిట్లో సంఘాన్ని వరుసగా చూశాడు. "ఎవలి పెండ్లి?" అన్నాడు.

కరుణాకర్ ఐలవ్వ చేతుల్లోంచి మమతారాణిని మెల్లగా తీసుకుని, దాని చెంప మీద వేలితో తట్టి చూపించాడు. రబ్బరు టపటపమంది. ఇది బొమ్మ అని, ఇది పాణం కాపాడే శిక్షణ అని, నోరు శుభ్రంగా ఉంచుకోమన్నది తానేనని, దుప్పటి స్ట్రెచర్ కట్టడానికని, మెత్త కాళ్ళ కింద ఎత్తు పెట్టడానికని ఒక్కొక్కటే వివరించాడు. జమున విగ్గు తీసి, దుమ్ము దులిపి, మర్యాదగా అతని చేతికిచ్చింది.

"మేము ఆపుదామని వచ్చినం" అన్నాడు భూమన్న, ఎత్తిన చెయ్యి దించుకుంటూ.

"మంచిదన్నా. మధ్యాహ్నం రక్తం ఆపుడు నేర్పుత. కూసోండ్రి" అన్నాడు కరుణాకర్. రెండు రోజులుగా ఖాళీ కుర్చీలను చూస్తున్నవాడు కాబట్టి ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

అందరూ నవ్వారు. ఐలవ్వ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వబోయింది. సగంలో ఆమె మొహం మారిపోయింది. కొంగు జారింది.

"ఇగో" అంది మొగుడితో. "గుండె ఆగినోళ్ళను బతికిచ్చుడు నీకెందుకు అక్కరొచ్చింది?"

రాయమల్లు మోకాళ్ళ మీంచి లేచి నిలబడ్డాడు.

"నాకోసమే గదా? అంటే నాకు దినాలు దగ్గర వడ్డయి. డాక్టర్ నీకు చెప్పిండు. గందుకే తిండి గూడ బంద్ పెట్టినవ్. నిజం చెప్పయ్యా. ఎన్ని దినాలన్నడు?"

"అరె, డాక్టర్ గట్ల అనలే ఐలవ్వా!"

"మరి ఏమన్నడు?"

"ఏమనలే!" అని అలవాటు కొద్దీ మొహం తిప్పుకున్నాడు. అది చూసి ఐలవ్వ కుర్చీలో కూర్చుండిపోయింది. పోయేదాన్నని నిర్ధారణ చేసుకున్న మనిషిలా చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆమెను అలా చూడటం రాయమల్లు వల్ల కాలేదు. దగ్గరికి పోయి, అందరూ ఉన్నారు కదా అని, తనకు తెలిసినంత మెల్లగా చెప్పాడు. హాలంతా విన్నది.

"ఆ దినం మార్కెట్ల నువ్వు కింద పడ్డవు సూడు. నేను పక్కనే ఉన్న. నా చేతుల వంకాయల సంచి ఉండె. నిన్ను పట్టుకోవాల్నని గూడ నాకు తోయలే. సంచి కింద పెట్టాల్నని తోయలే. గట్లనే పట్టుకోని నిలవడ్డ. ఎవరో తోవల పోయే పిల్ల ఉరికొచ్చి నిన్ను సక్కగ పండవెట్టింది, అంబులెన్సుకు ఫోన్ చేసింది. ‘ఈమె మనిషి ఎవరు’ అని అడిగింది. నేనే అని చెప్పనీకి నాకు నోరు రాలే. ఆ దినం సంది కండ్లు మూస్తె గా సంచే కనవడుతుంది. మల్ల ఎప్పుడన్న గట్లయితే నేను ఉట్టిగ నిలవడొద్దని... గంతే. నువ్వు లేకుంటే ఇంట్ల నా మాట ఎవలింటరే?"

ఐలవ్వ ఏదో అనబోయింది. అప్పటికే రాయమల్లు చెంపల మీద చెమట కారుతోంది. మే నెల ఎండ, పొద్దుటి నుంచి ఖాళీ కడుపు, వారంగా తంబాకు లేని ఒళ్ళు, వీటన్నిటి మీద జీవితంలో మొదటిసారి మనసులో మాట బయట పెట్టిన అలసట. అతను కుర్చీ కోసం చెయ్యి చాపాడు. కుర్చీ అతననుకున్న చోట లేదు. దుప్పటి మీద ఒరిగిపోయాడు.

ఒక్కసారిగా హాలంతా లేచింది. రెండు రోజులుగా నేర్చుకున్నవాళ్ళకు ఇంత మంచి అవకాశం మళ్ళీ దొరకదు. నేర్చుకోనివాళ్ళకు ఉత్సాహం ఇంకా ఎక్కువ. భూమన్న చొక్కా చేతులు పైకి మడిచి, రాయమల్లు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "ఎక్కడ వత్తాలె సారూ?" అన్నాడు.

"వత్తొద్దు! ఎవరూ వత్తొద్దు! ముందు ఊపిరి చూడాలె!" అని అరుస్తూ కరుణాకర్ మనుషుల మధ్య నుంచి దారి చేసుకుంటున్నాడు.

అతను చేరేసరికి ఐలవ్వ అక్కడ ఉంది. మొగుడి ముక్కు దగ్గర చెంప ఆనించి, కండ్లు మూసుకుని ఉంది. భూమన్న చెయ్యిని ఒక చేత్తో పక్కకు తోసేసింది. "ఊపిరి ఆడుతుంది. జరుగుండ్రి, గాలి రానియ్యిండ్రి."

కరుణాకర్ ఊపిరీ నాడీ చూసి తలూపాడు. చొక్కా గుండీలు విప్పమన్నాడు, కాళ్ళు కొంచెం ఎత్తులో పెట్టమన్నాడు. ఎవరో మెత్త అందించబోతే ఐలవ్వ వద్దని, నేల మీద చతికిలబడి, మొగుడి రెండు పాదాలూ తన ఒళ్ళో పెట్టుకుంది. "ఇగో, ఇనవడుతుందా? లే. ఎల్లిగడ్డ లేకుంటనే చేసి పెడుత, లే" అంది. జమున గ్లూకోజు కోసం బయటికి ఉరికింది.

కాసేపటికి రాయమల్లు కండ్లు తెరిచాడు. పైన తిరుగుతున్న ఫ్యాను, చుట్టూ వంగిన మొహాలు, కాళ్ళ దగ్గర భార్య. కంగారుగా అడిగాడు. "ఐలవ్వా, నువ్వు మంచిగనే ఉన్నవా?"

"పడ్డది నువ్వయ్యా."

"కాళ్ళు దించు. మంది చూస్తున్నరు."

"చూడనియ్యి" అంది ఐలవ్వ. పాదాలను ఇంకొంచెం పైకి లాక్కుంది. "ముందు చెప్పు. డాక్టర్ ఏమన్నడు? అబద్ధం చెప్తే ఇడిచిపెట్ట."

కాళ్ళు ఆమె చేతిలో ఉన్నాయి. తప్పించుకునే దారి లేదు. రాయమల్లు పైకప్పు వైపు చూశాడు.

"ఉప్పు తగ్గియ్యమన్నడు."

"ఏందీ?"

"నీకు ఉప్పు తగ్గియ్యమన్నడు. నేను చెప్తే నువ్వు నాకు గూడ చప్పిడి కూరనే పెడుతవ్. ఇయ్యాల చెప్త, రేపు చెప్త అనుకుంటనే నెల గడిచింది."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నెల రోజులు తాను చావుకు సిద్ధపడింది ఉప్పు గురించా అని ఐలవ్వకు ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, చివరికి రెండూ కలిసి నవ్వై బయటికి వచ్చాయి. ఆ నవ్వులో కూడా పాదాలు వదల్లేదు. "ఇయ్యాటి సంది ఇద్దరికీ చప్పిడే" అంది. సంఘం పెద్దగా భూమన్న ఆ తీర్పును ఖాయం చేశాడు.

గ్లూకోజు తాగి, అరటిపండ్లు తిన్నాక రాయమల్లుకు సత్తువ వచ్చింది. ఖాళీ కడుపుకు వచ్చిన కళ్ళు తిరుగుడే కావచ్చని, అయినా రేపు డాక్టరుకు చూపించుకొమ్మని కరుణాకర్ గట్టిగా చెప్పి, అతన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టాడు. ఇక ఆ రోజు ఒంగడాలు, వత్తడాలు అతనికి లేవు. ఇంటికి పోదామంటే ఐలవ్వ కదల్లేదు.

"నేను పడితే ఈయన లేపుతడు, మంచిదే. ఈయన పడితే ఎవరు లేపాలె? నాకు గూడ నేర్పుండ్రి సార్."

మధ్యాహ్నమంతా ఖాళీ కుర్చీ లేకుండా శిక్షణ సాగింది. భూమన్న ఆటో హనుమండ్లు చేతికి లేని గాయానికి కట్టు కట్టి రక్తం ఆపాడు. జమున దుబాయికి ఫోన్ చేసి పెండ్లి లేదని చెబితే, పెండ్లి ఆగిపోయినందుకు గంగయ్య సంతోషించాడు. ఐలవ్వ వంతు వచ్చినప్పుడు ఆమె చీర కొంగు దోపుకుని, పొద్దుటి కోపం ఏ మూలనో మిగిలిందేమో, మమతారాణిని ఎంత బలంగా వత్తిందంటే కరుణాకర్ అడ్డం పడి, "చాలమ్మా, బతికింది" అన్నాడు. గోడకు ఆనుకున్న రాయమల్లు మొహంలో మాత్రం గర్వం దాగలేదు. తన గుండె ఎప్పుడన్నా ఆగితే ఆ చేతుల కింద ఎక్కువసేపు ఆగి ఉండలేదని అతనికి నమ్మకం కుదిరింది.

చివర్లో కరుణాకర్ మణికట్టు దగ్గర నాడి ఎలా దొరుకుతుందో, గడియారం చూసుకుంటూ ఎలా లెక్కపెట్టాలో నేర్పించాడు. హనుమండ్లు ఆటోలో ఇంటికి పోతున్నప్పుడు ఐలవ్వ మొగుడి చెయ్యి అందుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో నలుగురి ముందు అతని చెయ్యి పట్టుకున్నది లేదు. రాయమల్లు ముందు సీట్లో ఉన్న హనుమండ్లు వైపు, పక్కనే ఉన్న జమున వైపు భయంభయంగా చూశాడు.

"ఏం చేస్తున్నవే?" అన్నాడు, గుసగుసగా. రోడ్డు మీద పోతున్న ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు.

"లెక్కవెడుతున్న. మాట్లాడకు, తప్పుతది."

మాట్లాడకుండా కూర్చున్నాడు. ఆటో ఇంటి ముందు ఆగి, జమున దిగి లోపలికి పోయాక కూడా ఐలవ్వ లెక్క పూర్తి కాలేదు.